రెండు నలభై ఆరులు

సువర్ణకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: బిడ్డ మహతి కూడా తనలాగే అర్థం కాకున్నా అయినట్టు తలూపి తలూపి, ఒకరోజు బడి మానేస్తుందేమోనని. సువర్ణ తొమ్మిదో తరగతిలో మానేసింది అట్లాగే. ఎవరూ మాన్పించలేదు. లెక్కల సారు "సమజైందా?" అన్నప్పుడల్లా "ఐంది సార్" అనేది. ఏడాది తిరిగేసరికి బడి గడప తొక్కబుద్ధి కాలేదు, అంతే.

వాళ్ళింటి పై పోర్షన్‌లో పెర్సిస్ టీచర్ కిరాయికి ఉంటుంది. మహతికి బడిలో లెక్కలు చెప్పేది ఆమే. ఆదివారం చర్చి నుంచి వచ్చిన మనిషి, చీర కూడా మార్చకుండా ఓ కాగితం, గుప్పెడు చీటీలు పట్టుకొని కిందికి దిగింది.

"సువర్ణా, ఇరవై రెండేండ్లసంది లెక్కలు చెప్తున్న. ఇప్పుడు టీచర్ల ట్రైనింగుల నాకే పరీక్ష పెట్టిండ్రు చూడు."

"అయ్యో, మీకు లెక్కలు రావా మేడం?"

"లెక్కలొస్తయి గని, కంప్యూటర్‌కు చెప్పినట్టు మెట్టు మెట్టుగ ఆలోచించుడు పిల్లలకు నేర్పుడు నాకొస్తదా అని చూస్తరంట. నేను మెట్లు రాయాలె. టీచర్ కానోళ్ళతోని చేపియ్యాలె. వాళ్ళెక్కడ ఆగిండ్రు, ఏమనుకున్నరు, అది రాసి రేపు ఇయ్యాలె."

"నాతోనా? మీ మార్కులు మస్తు పోతయి."

"పోతే పోనీ తీ. కూసో."

చాప మీద పన్నెండు చీటీలు. అన్నిట్లోకి పెద్ద సంఖ్య దొరకాలి. కాగితం మీద ఉన్నది ఇంతే: రెండు చీటీలు విప్పు. చిన్నది పక్కన పెట్టు. చేతిలో మిగిలినదాన్ని ఇంకో చీటీతో పోల్చు. చీటీలు అయిపోయేదాకా ఇట్లాగే చెయ్యి.

సువర్ణ ఒక్కో చీటీ విప్పింది. పదిహేడు, ముప్పై ఒకటి, నలభై ఆరు... ఆ తర్వాత మళ్ళీ నలభై ఆరు! టీచర్ చూసుకోకుండా రెండుసార్లు రాసింది. ఇందులో చిన్నది ఏది? కాగితంలో లేదు. అడిగితే ఏమనుకుంటుందో. టీచర్ చాయ్ ఊదుకుంటుంటే ఒక చీటీని మెల్లగా చాప కిందికి తోసేసి సువర్ణ ముందుకు సాగింది.

"నలభై ఆరు మేడం."

"శభాష్! యాడనన్న ఆగినవా?"

"లేదు మేడం. మంచిగ సమజైంది."

'ఎక్కడా ఆగలేదు' అని రాసుకొని పెర్సిస్ టీచర్ పైకి పోయింది.

మహతికి ఆ చీటీలు ఆటలా తోచాయి. "నేను చేస్త అమ్మా" అని ముందేసుకుంది. సువర్ణ చాప కింది చీటీ తీసి వాటిలో కలిపింది. బిడ్డ వేళ్ళు చకచకా ఆడాయి. రెండో నలభై ఆరు దగ్గర ఆగాయి. మహతి ఓరగా తల్లి ముఖం చూసింది. ఒక చీటీని గుప్పిట్లో దాచి, తలూపింది.

"సమజైంది అమ్మా."

సువర్ణకు కోపం రాలేదు. ఆ చిన్న గుప్పిటను రెండు చేతుల్లోకి తీసుకొని, "నాక్కూడ సమజ్ కాలే బిడ్డా," అంది. "నేను గూడ దాచిన. దా, పోయి చెప్దాం."

ఇద్దరూ పద్నాలుగు మెట్లు ఎక్కి పైకి పోయారు.

"మేడం, నేను అబద్ధం చెప్పిన. రెండు సమానమొస్తే ఏం చెయ్యాల్నో సమజ్ కాలే. ఈ పొల్లకు గూడ కాలే."

పెర్సిస్ టీచర్ కాగితం చూసుకుంది. చీటీలు చూసుకుంది. ఫక్కున నవ్వింది.

"ఓసి నీ! తప్పు నాదే గదా, నేను రాయలే! గిదే గదనే వాళ్ళడిగింది. నువ్వు చెప్పకపోతే రేపు అందరి ముంగట నా ఇజ్జత్ పోతుండె." తర్వాత మహతిని దగ్గరికి లాక్కొని మెల్లగా అడిగింది. "క్లాసుల గూడ గిట్లనే దాస్తవా?"

మహతి తల్లి కొంగు పట్టుకుంది. పట్టుకొనే అంది: "భిన్నాలు సమజ్ కాలే టీచర్. నా పక్కన కూసునే ఆశ్రితకు గూడ కాలే. ఇద్దరం మొఖాలు చూసుకొని తలూపుతుంటిమి."

టీచర్ నవ్వు ఆగిపోయింది. కాగితం పక్కన పెట్టి, రొట్టె తెచ్చి, నాలుగు ముక్కలు చేసి, చీకటి పడేదాకా భిన్నాలు మొదటినుంచి చెప్పింది. మహతి మూడుసార్లు "కాలే" అంది. ఆ మాట విన్నప్పుడల్లా సువర్ణకు ప్రాణం లేచొచ్చింది.

ఆశ్రితకు మాత్రం ఎవరూ చెప్పలేదు. పోయిన నెల వాళ్ళ నాయిన చేగుంటలో రోడ్డు పక్కన టిఫిన్ బండి పెట్టుకొని ఇంటిల్లిపాదినీ తీసుకుపోయాడు. అక్కడ బడిలో చేరిందో లేదో తెలియదు. ఆరో తరగతి పిల్ల, ఎడమ చేత్తో రాస్తుంది. చేగుంట వాళ్ళెవరైనా ఇది చదివితే కాస్త కనుక్కోండి. బాగున్నానని తలూపితే అక్కడితో వదిలేయకండి.