ఎవరూ పోలేదమ్మా

పరుపుల మేస్త్రి భార్య తన ముగ్గురు బిడ్డల్నీ తానే మింగింది. ఆ ఇంట్లో అది తేలిపోయిన సంగతి. తేల్చింది మేస్త్రి అక్క. పాలు మంచివి కావంది, చెయ్యి మంచిది కాదంది, దూది ఏకే చోట పిల్లల్ని పడుకోబెట్టిందంది. భార్య ఎదురు చెప్పలేదు. నాలుగో కాన్పులో పుట్టిన కొడుకు బతికినా ఆ పేరు పోలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. పేరు ఇంకా ఉంది.

ఇప్పుడు ఆ కొడుక్కి పుట్టిన నాలుగు నెలల పిల్లాడు ఆసుపత్రి మంచం మీద డొక్కలెగరేస్తున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. వీధిలో పిల్లలందరికీ ఇదే జలుబు వచ్చింది. వాళ్లంతా మూడో రోజుకే లేచి ఆడుకున్నారు.

మేస్త్రి కుడుతున్న పరుపు సగంలో వదిలేసి వచ్చాడు. నర్సు అతన్ని గుమ్మం దగ్గరే ఆపి, చొక్కా మీది దూది దులుపుకొని రమ్మంది.

కోడలు బిడ్డ పాదాలు పట్టుకుని కూర్చుంది. ఆమె మేస్త్రి అక్క కూతురే. దుకాణం రెండు ముక్కలు కాకూడదని ఆ ఇంట్లో మూడు తరాలుగా సంబంధాలు లోపల్లోపలే కలుపుకుంటారు. మేస్త్రి భార్య కూడా అతని మేనమామ కూతురే.

డాక్టరమ్మ కాగితం తెరిచింది. "మీ ఇంట్లో ఇదివరకు పసిపిల్లలెవరైనా ఇలా ఆయాసంతో పోయారా?"

"ఎవరూ పోలేదమ్మా," అంది అక్క. "మాది గట్టి వంశం. మా తమ్ముణ్ణి చూడు, గానుగెద్దులా ఉన్నాడు. దూది నలుసేదో లోపలికి పోయుంటుంది."

"నలుసు కాదమ్మా, మీ వీధి పిల్లలందరికీ వచ్చిన జలుబే ఇది. జలుబు అందరికీ ఒకటే. దాన్ని ఆపే సత్తువ కొందరి నెత్తుట్లో పుట్టుకతోనే ఉండదు. ఆ లోపం తల్లి ఒక్కతే మోస్తే బిడ్డకేం కాదు, తండ్రి ఒక్కడే మోసినా ఏం కాదు. ఇద్దరూ మోస్తే కొందరు బిడ్డల మీద పడుతుంది. దగ్గరి సంబంధాల్లో ఆ భయం ఎక్కువ. ఇంట్లో అలా పోయినవాళ్లుంటే నేను పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగను. మందు ఇప్పుడే మారుస్తాను, విడిగదిలో పెడతాను. ఆలోచించి చెప్పండి."

అక్క మేస్త్రి మోచెయ్యి గిల్లి చెవిలో అంది. "నోరు మూసుకుని ఉండు. మా చిన్నదాని సంబంధం మాటల్లో ఉంది. వంశంలో జబ్బుందంటే వాళ్లు మన గడప తొక్కుతారా?"

నోరు మూసుకోవడం మేస్త్రికి అలవాటే. తన ముగ్గురూ పోయినప్పుడూ మూసుకున్నాడు. భార్య గోడవైపు తిరిగి ఏడుస్తుంటే సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టక ముందే తన తల్లికి ఇద్దరు పిల్లలు ఇలాగే పోయారని అతనికి తెలుసు. అక్కకి ఇంకా బాగా తెలుసు. ఆ ఇద్దర్నీ చంకనేసుకుని తిరిగింది ఆమే.

పిల్లాడి గోళ్లు నీలంగా ఉన్నాయి.

"రాసుకోండమ్మా," అన్నాడు మేస్త్రి. "నాకు ముగ్గురు. మా అమ్మకి ఇద్దరు. అందరూ ఏడాది నిండకుండానే. అందరూ ఇలాగే."

కోడలు తన తల్లి మొహంలోకి చూసింది. "అత్తమ్మని నా ముందే ఎన్నెన్ని మాటలన్నావే నువ్వు."

డాక్టరమ్మ రాసుకుంది. నర్సు పిల్లాడి నెత్తురు తీసింది. మంచాన్ని విడిగదిలోకి తోసుకుపోయారు. బతుకుతాడా అని కోడలు అడిగితే, రెండు రోజులు గడవనివ్వమన్నారు.

వరండా బెంచీ మీద అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇది నెత్తుటి లోపమని నాకేం తెలుసురా? నేనేమన్నా చదువుకున్నదాన్నా? మరదలి ఫోటో ముందు నిలబడి తప్పయిందంటాను. నువ్వూ పక్కన ఉండు."

"పోయినదానికి వినబడుతుందా?"

"నీకు వినబడుతుందిగా, తమ్ముడూ."

మేస్త్రి లేచాడు. "నువ్వు దాన్నన్న మాటలూ నాకు వినబడ్డాయి. అప్పుడు నేను నోరెత్తలేదు, ఆ పాపం నాది. డాక్టరుకి చెప్పాల్సింది చెప్పేశాను. నీతో చెప్పాల్సిందేం లేదు. ఈ సంగతి నా దగ్గర మళ్లీ ఎత్తకు. నేను చచ్చేదాకా ఎత్తను."

విడిగది తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వెనక నుంచి అక్క రెండుసార్లు పిలిచింది. అతను తలుపు సందులోంచి పిల్లాడి డొక్కల్నే చూస్తున్నాడు.