రెండో భాగంలో తాడు

ప్రివ్యూ థియేటర్లో, హిట్టయిన ఫైటింగ్ కామెడీ సినిమాకి తీసిన రెండో భాగం ముగిసి లైట్లు వెలిగినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పంపిణీదార్లలో ఒకాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఇంకొకాయన ఇంటర్వెల్‌కే వెళ్లిపోయాడు.

నిర్మాత వెనక వరస వైపు తిరిగాడు. అక్కడ హీరోలిద్దరూ మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. పోస్టర్ల మీద వాళ్ల పేర్లు నిచ్చెన, పిడుగు. బయట బావా బావమరుదులు. నిచ్చెన అక్కని పిడుగు చేసుకున్నాడు.

"మొదటి భాగంలో జనం పడీ పడీ నవ్విందెక్కడ?" అన్నాడు నిర్మాత. "బాల్కనీ దగ్గర. పిడుగు పైనుంచి వెనక్కి పడతాడు, కింద నిచ్చెన రెండు చేతులా పట్టుకుంటాడు, వాడి నెత్తిమీద టీ కప్పు తొణకదు. ఇందులో ఏముంది? తాడు కట్టి ముక్కలు ముక్కలుగా తీశారు. తాడు లేకుండా, కట్ లేకుండా, ఇద్దరి మొహాలూ కనపడేలా ఆ ఒక్క షాటూ మళ్లీ తీయండి. లేదంటే మూడో భాగానికి వేరేవాళ్లని చూసుకుంటా."

"నేను రెడీ. తాడు అడిగింది నేను కాదు," అన్నాడు పిడుగు.

నిచ్చెన తలూపాడు.

అతని ఎడమచెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవదు. భుజం లోపల కండరం చిరిగిందని, బరువు పట్టుకుంటే చెయ్యి పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. చొక్కా తొడుక్కునేటప్పుడు ఆ చేతిని కుడిచేత్తో ఎత్తి పెట్టుకుంటాడు. భుజం పోయిన ఫైటింగ్ హీరోని ఎవరూ పిలవరు కనక సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. షూటింగ్ జరిగినన్నాళ్లూ తాడు అడిగాడు. మొదటి సినిమా ఆడేసరికి బావమరిదికి కళ్లు నెత్తికెక్కాయని పిడుగు అనుకున్నాడు. డైలాగులు తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

సెట్‌లో బాల్కనీ ప్లైవుడ్‌ది, కింద నేల సిమెంటుది. ఫైట్ మాస్టర్ పరుపు వేయించబోతే దర్శకుడు ఆపాడు.

"నేల ఫ్రేములోకి వస్తుంది మాస్టారూ."

"పరుపు లేకపోతే మనిషి వస్తాడు, నేల మీదికి."

"నా బావమరిది ఉన్నాడుగా," అన్నాడు పిడుగు.

మాస్టర్ వాళ్లిద్దరికీ నేర్పిన పద్ధతి ఒకటుంది. పడేవాడు వెనక్కి చూడకూడదు. చూస్తే మెడ తిరిగి ఒళ్లు పక్కకి పోతుంది. పట్టుకునేవాడు కాళ్లు కుదుర్చుకుని "ఉన్నా" అంటాడు. అది వినపడ్డాకే పడేవాడు చేతులు వదలాలి. డబ్బింగులో ఆ మాట తీసేస్తారు.

మేకప్ జరుగుతుండగా పిడుగు అద్దంలోకి చూస్తూ అన్నాడు. "మీ అక్క అడుగుతోంది, తమ్ముడు ఇంటికి రావడం లేదేమని."

"వస్తాలే బావా."

"వచ్చేముందు చెప్పు. గుమ్మానికి తాడు కట్టి ఉంచుతాం."

కెమెరా తిరిగింది. నలుగురు రౌడీలు కర్రలతో మీదికొచ్చారు. పిడుగు ముగ్గుర్ని తన్ని, నాలుగోవాడు తరుముతుంటే రెయిలింగ్ ఎక్కి, వీపు గాల్లోకి వాల్చి, చువ్వ పట్టుకుని ఆగాడు. కింద నిచ్చెన నెత్తిమీద కప్పుతో వచ్చి నేల మీద గీసిన గుర్తు దగ్గర నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకి లేచింది. ఎడమచెయ్యి ఛాతీ దగ్గర ఆగింది.

దర్శకుడు కానివ్వమని సైగ చేశాడు. "ఉన్నా" అన్న మాట కింద నుంచి రాలేదు.

పిడుగు వేళ్లు చువ్వ మీద జారుతున్నాయి. చెమట కంట్లోకి దిగింది. అతను వెనక్కి చూడలేదు. నాలుగో రౌడీ ఎత్తిన కర్రతో కొట్టాలో మానాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

నిచ్చెన నోరు తెరిచాడు. ఆ ఒక్క మాటా అంటే పిడుగు చేతులు వదిలేస్తాడు. నోరు మూసుకున్నాడు.

"ఏరా, ఉన్నావా?" అన్నాడు పిడుగు, పళ్లు బిగించి.

"లేను బావా."

రౌడీ కర్ర పారేసి పిడుగు బెల్టు పట్టుకుని లోపలికి లాగాడు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు.

పిడుగు మెట్లు దిగి వచ్చాడు. కొడతాడేమోనని మాస్టర్ అడ్డం వెళ్లాడు. పిడుగు ఆయన్ని తప్పించుకుని, నిచ్చెన ఎడమ మోచెయ్యి పట్టుకుని పైకి లేపాడు. ఛాతీ దగ్గర ఆగింది. ఇంకాస్త లేపబోయేసరికి నిచ్చెన మెలికలు తిరిగాడు. నెత్తిమీది కప్పు పడి పగిలింది.

"ఎప్పట్నుంచిరా?"

"మొదటిదాంట్లో. బాల్కనీ టేకు."

"సినిమాలో ఉంచిందా?"

"అదే."

ఆ షాట్‌లో నిచ్చెన మొహం వంకర తిరుగుతుంది, కళ్లు తేలేస్తాడు. జనం నవ్వింది ఆ మొహానికే.

"థియేటర్లో అందరికన్నా ముందు నవ్వింది నేనే," అన్నాడు పిడుగు.

నిర్మాత దగ్గరికి వచ్చాడు. "ఏమైంది? మళ్లీ తీస్తున్నారా?"

"తాడున్న షాటే ఉంచండి. తాడు లేకుండా నేను పడను," అన్నాడు పిడుగు.

"అయితే మూడో భాగం..."

"వేరేవాళ్లని చూసుకోండి."

సినిమా విడుదలైంది. ఇద్దరి మధ్యా పొత్తు కుదరలేదని పత్రికలు రాశాయి. థియేటర్లు ఒక్కొక్కటే దాన్ని ఎత్తేస్తుంటే ఇద్దరూ టోపీలు పెట్టుకుని మ్యాట్నీకి వెళ్లారు. ఈసారి మధ్యలో కుర్చీ వదల్లేదు. బాల్కనీ సీను వచ్చింది.

ముందు వరసలో ఒకడు పక్కవాడిని పొడిచాడు. "అదిగో, తాడు కనపడుతోంది చూడు."

నిచ్చెన తల దించుకున్నాడు.

"కనపడనీరా," అన్నాడు పిడుగు.