నాలుగ్గంటల మెలిక

పొద్దున ఏడింటికల్లా క్యాంటీనమ్మ పొయ్యి వెలిగించి, పెద్ద గిన్నె నిండా బంగాళాదుంపలు ఉడకేసేది. కొండ మీద గని మూతపడి ఇరవై ఏళ్ళయినా ఆవిడ చేతికి ఆ కొలత పోలేదు. పాడుపడ్డ గని ఇళ్ళ మధ్య నుంచి ఇప్పుడు సరదాకి కొండలెక్కేవాళ్ళు నడుస్తున్నారు. ఆవిడ బేరమంతా వాళ్ళే.

గుమ్మం ముందు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. షిఫ్టు దిగే వేళకి, సరిగ్గా నాలుగింటికి, ఆవిడ వాళ్ళమ్మ దాన్ని సుత్తితో మూడు దెబ్బలు కొట్టేది. ఆ చప్పుడు చెవినపడితే కొండదారి ఎక్కడున్నా మెలిక తిరిగి వచ్చి క్యాంటీను ముందు ఆగేది. అన్నేళ్ళు ఆకలిగొన్న మనుషుల్ని మోసిన దారి, దానికి మాత్రం అలవాటవదా ఏమిటి! అమ్మ పోయాక ఈవిడా అలాగే కొట్టింది. దారి మెలిక తిరక్కముందే పాలవాడు మూడున్నరకే కొండ దిగిపోయేవాడు, అంతే.

కొత్తగా వచ్చిన దారుల ఆఫీసరుకే ఇది గిట్టలేదు. "మ్యాపులో దారి తిన్నగా ఉందమ్మా. మీరు కొట్టినప్పుడల్లా మెలికపడుతోంది," అని, ఇక పట్టా కొట్టనని సంతకం పెట్టించుకున్నాడు. ఆవిడ మాటంటే మాటే. దారి వాగు అవతల నుంచే వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి గుమ్మం తొక్కినవి ఈగలే.

"ఇవాళతో సరి. కింద పట్నంలో బట్టలకొట్టులో పని ఒప్పుకున్నా," అంది మరిదితో. ఆ మాట అంటుంటేనే ఏడుపొచ్చింది. "ఆ పట్టా దించిపెట్టు. అమ్మ గుర్తుగా పట్టుకెళ్తా."

మరిది దారి పొడుగునా రాళ్ళ మీద పసుపు గుర్తులు వేసే మనిషి. ఆఫీసరు చేతికింద ఉద్యోగం, నోరెత్తే వీల్లేదు. గోడ గడియారం కేసి ఒకసారి చూసి నిచ్చెనెక్కాడు. తీగ విప్పాడు. పట్టా జారి రాతి మెట్టుకి తగిలి ఠంగుమంది, ఎగిరి ఇంకో మెట్టు మీద ఠంగుమంది, పొర్లి కింద బండకి మూడోసారి.

"కొంప ముంచావు కదయ్యా! మాటిచ్చాను!"

"మీరు కొట్టలేదుగా వదినా. అదే పడింది."

వాగు అవతల నుంచి పసుపు గుర్తుల రాళ్ళు ఒకదాని వెనక ఒకటి కదిలొచ్చాయి. వాటి వెంట దారి, దారి మీద నలభై మంది, అందరికంటే ముందు మ్యాపు పట్టుకుని ఆఫీసరు.

"నేను కొట్టలేదు సార్. ఒట్టు!"

ఆఫీసరు ఏదో అనబోయాడు గానీ దుంపల వాసన ముక్కుకి తగిలింది. రెండు తిని, టీ తాగి, మూడోది చేతిలోకి తీసుకున్నాక నోరు విప్పాడు.

"మీరు కొట్టకుండానే వచ్చిందంటే, తప్పు మ్యాపుదే." జేబులోంచి పెన్సిలు తీసి, వాగు దగ్గర గీత చెరిపి, క్యాంటీను దాకా మెలిక గీశాడు. పక్కనే చిన్న అక్షరాలతో 'నాలుగ్గంటలకి' అని రాసుకున్నాడు.

క్యాంటీనమ్మ కళ్ళు తుడుచుకుని, పట్నానికి రానని కబురు పంపింది. వెనక్కి తిరిగేసరికి, ఎవరూ చెప్పకుండానే మరిది మళ్ళీ నిచ్చెన మీదున్నాడు.

"ఈసారి గట్టిగా కట్టవయ్యా," అంది నవ్వుతూ.