పైన కాఫ్, లోపల ఎల్ఫ్

బాలరాజుకు అనుమానం పుట్టిందంటే అన్నంలో రాయి తగిలినట్టే. ఉమ్మేదాకా నెమ్మది ఉండదు. ఈసారి ఆ రాయి తేజేష్ ఇచ్చిన ఫైల్లో తగిలింది.

నాచారంలో రామ్మోహనరావు కంపెనీ ప్లాస్టిక్ మిషన్లకు కంట్రోల్ పెట్టెలు చేస్తుంది. బకెట్లు, మగ్గులు పోతపోసే మిషన్ తన అచ్చును ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో చెప్పేది ఆ పెట్టెలోని ప్రోగ్రామే. ప్రోగ్రాం రాసేవాళ్లు వేరు. పరీక్షించి, పెట్టె మీద ‘ఓకే - బాలరాజు’ అని స్టిక్కర్ అంటించేది మన బాలరాజు. అది పడకుండా అక్కడినుంచి పెట్టె కదలదు, ఫైలూ కదలదు. ఆ మాట చెప్పుకునేటప్పుడు మనిషి ఛాతీ కాస్త పొంగేది, పొంగనీ పాపం.

రెండు సందుల అవతల బకెట్ల ఫ్యాక్టరీలో అతని అక్క సాలమ్మ పని చేస్తుంది. బావ పోయాక ఆ పని పెట్టించింది బాలరాజే. “మా పెట్టె ఉన్న మిషనే అక్కా, ఫికర్ జెయ్యకు” అని ధైర్యం కూడా చెప్పాడు. మొన్న దసరాకు ఫ్యాక్టరీలో అందరూ మిషన్లకు పసుపు రాసి పూలదండలు వేస్తే, సాలమ్మ మాత్రం వెతికి వెతికి తమ్ముడి పేరున్న స్టిక్కర్ మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఆ సంగతి ఉప్పల్‌లో చుట్టాలందరికీ చెప్పుకుంది కూడా.

ఇక ఫైలు సంగతి. సోమవారం తేజేష్ పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. “బాలరాజుగారూ, కాస్త తొందరగా చూస్తారా? పాత పెట్టెలన్నిట్లో ఇదే ఎక్కించాలంట” అన్నాడు. ఆ ‘గారూ’ వినగానే బాలరాజుకు ఒళ్లు మండింది. అది రెండువేల పది. తెలంగాణ ఉద్యమం వేడి మీద ఉంది, రోజుకో బంద్. కంపెనీలో టిఫిన్ డబ్బాలు కూడా ఇటో వరస, అటో వరస కూర్చుంటున్నాయి. తేజేష్ తెనాలి పిల్లవాడు, చేరి ఏడాది కాలేదు. అంత మర్యాద ఎందుకు? అంత తొందరెందుకు?

ఫైలు తెరిచి లోపలి అక్షరాలు చూశాడు. ప్రతి ప్రోగ్రాం ఫైలుకూ మొదట్లో హెడర్ ఉంటుంది. నేను ఫలానా రకం, నా పని ఇక్కడ మొదలవుతుంది అని అది చెబుతుంది. వాళ్ల పెట్టెలు ఒప్పుకునేది కాఫ్ రకం ఒక్కటే. పైన ఆ కాఫ్ హెడర్ చక్కగా ఉంది, వెర్షన్ నంబర్ కూడా పాతదే. కానీ కొంచెం కిందికి జరిపితే ఇంకో హెడర్! ఎల్ఫ్ అని వేరే రకం. ఫైలు కడుపులో మరో ఫైలు.

“ఓరి నీ! ఒక్క అంగీ మీద ఇంకో అంగీ తొడిగిండు. దొంగ గాకపోతే గిట్లెందుకు జేస్తడు?” అనుకున్నాడు బాలరాజు. రేపు పెట్టెలన్నీ ఆగిపోయి, తప్పు టెస్టింగ్ వాళ్ల మీద పడితే? ఎక్కడికో సమాచారం పంపే ముక్క అందులో ఉంటే? పెన్‌డ్రైవ్‌ను సొరుగులో పడేసి తాళం వేశాడు.

బుధవారం తేజేష్ మళ్లీ వచ్చాడు. “ఫైలు గురించి మీకో మాట చెప్పాలండీ...”

“మీ కథలు నాకొద్దు. టెస్టింగ్ ఎప్పుడైతదో అప్పుడైతది. జరుగు” అన్నాడు బాలరాజు. కుర్రాడు వెళ్లిపోయాడు. వెళుతూ వెళుతూ రామ్మోహనరావు గది వైపు ఒకసారి చూడటం బాలరాజు గమనించాడు. ఆహా, సార్‌ను కూడా బుట్టలో వేసుకున్నాడన్నమాట! రామ్మోహనరావుది జనగామ దిక్కే. తమవాడు, అమాయకుడు. ఆయన్ని కాపాడాల్సింది తానే.

శనివారం పొద్దున ఇక ఆగలేక అందరి ముందే తేజేష్‌ను నిలదీశాడు. “ఈ ఎల్ఫ్ ఎవనిది? ఎందుకు దాచినవ్?”

“దాచలేదండీ. రాసిన ప్రోగ్రాంను ఫైలుగా మార్చే పాత కంపైలర్ ఉన్న కంప్యూటర్ ఎండాకాలంలో కాలిపోయింది కదా. కొత్త కంపైలర్ ఎల్ఫ్ ఫైలే ఇస్తుంది. మన పెట్టె కాఫ్ తప్ప ముట్టుకోదు. అందుకని ఎల్ఫ్‌కు పైన కాఫ్ హెడర్ తొడిగాను. దాన్ని చూసి పెట్టె లోపలికి రానిస్తుంది. వచ్చాక అసలు ప్రోగ్రాం నడుస్తుంది. అంతే.”

“మరి నంబర్ పాతదే ఎందుకు పెట్టినవ్? కొత్తది లోపల పెట్టి పాతదని ఎవరిని మోసం జేద్దామని?”

తేజేష్ మొహం ఎర్రబడింది. “నంబర్ మార్చొద్దని సారే చెప్పారు. మారిస్తే ఎందుకు మార్చారని కస్టమర్లు అడుగుతారట.”

“ఏం మారింది?”

“తలుపు.”

బాలరాజుకు అర్థం కాలేదు. మిషన్ ముందు ఒక జారుడు తలుపు ఉంటుంది. అది తెరిచి ఉన్నంతసేపూ అచ్చు మూసుకోకూడదు. లోపల చెయ్యి పెట్టి బకెట్ తీసేది ఆ ధైర్యంతోనే.

“పాత ప్రోగ్రాంలో, తలుపు తెరిచే క్షణంలోనే అచ్చు మూసే బటన్ తగిలితే, తలుపు తెరిచుందన్న సంగతి అది చూడదండీ. అచ్చు మూసుకుపోతుంది. ఎప్పుడో గానీ జరగదు. కానీ జరుగుతుంది. సార్‌కు తెలుసు. బుధవారం మీతో చెప్పాలనే వచ్చాను, మీరు వినలేదు.”

బాలరాజుకు అప్పుడు అర్థమైంది. తమవాడనుకున్న సార్ దాచాడు. పరాయివాడనుకున్న పిల్లవాడు చెప్పబోతే తను నోరు మూయించాడు. ఆ తప్పుకు మందు తన సొరుగులో, తన తాళం కింద పడి ఉంది. అక్క మిషన్ మీద తన స్టిక్కర్.

ఫోన్ చేశాడు, సాలమ్మ ఎత్తలేదు. పనిలో ఫోన్లు బయట పెట్టాలక్కడ. బండి తీశాడు. రెండు సందులే, కానీ లారీలు అడ్డం. బండిని అక్కడే పడేసి పరుగెత్తాడు. కాపలాదారు ఎవరని అరుస్తున్నా వినలేదు.

సాలమ్మ తలుపు పక్కకు జరిపి, అచ్చులో ఇరుక్కున్న బకెట్‌ను లాగడానికి మోచేతిదాకా చెయ్యి పెట్టి ఉంది. బాలరాజు వెళ్లి ఎర్ర బటన్ మీద పిడికిలితో కొట్టాడు. మిషన్ మూలిగి ఆగింది.

“ఏందిరా! దడుసుకున్న. పిచ్చి లేసిందా నీకు?” అంది సాలమ్మ.

“చెయ్యి తియ్యక్కా. ముందు చెయ్యి తియ్యి.”

తీసింది. కుడిచేతి రెండు వేళ్లకు గుడ్డపీలిక చుట్టి ఉంది. పీలిక మీద ఎండిన నెత్తురు మరక.

“ఇదెప్పుడు?” అన్నాడతను.

“మొన్న బేస్తారం. గోర్లు పోయినయ్, గంతే. అదృష్టం, అప్పుడు చెయ్యి బయటికొస్తున్నది. సూపర్‌వైజర్‌కు జెప్పకు తమ్మీ, పనిలకెళ్లి తీసేస్తడు.”

“మిషన్ మూసుకుందా? తలుపు తెరిచి ఉండంగనే?”

“మూసుకున్నది. తప్పు నాదే, ఏదో తొందరపడి ఉంట. నీ పేరున్న మిషన్ల తప్పెట్లుంటది?”

అంత సులువుగా అనేసింది. దసరా కుంకుమ ఇంకా స్టిక్కర్ మీద ఉంది. కాస్త చెదిరి, ‘ఓకే’ మీదికి పాకింది.

బాలరాజుకు ఏడుపు వచ్చింది. వచ్చిందంటే వచ్చింది, సూపర్‌వైజర్ చూస్తున్నాడని కూడా ఆగలేదు. బేస్తవారం అంటే తేజేష్‌ను పొమ్మన్న మర్నాడు.

“తప్పు నీది గాదక్కా, ఈ మిషన్‌దే. ఇయ్యాల దీన్ని ఎవరూ ముట్టొద్దు” అని సూపర్‌వైజర్‌కు వినపడేలా గట్టిగా అన్నాడు. “అదేం మాట? ఓకే అని మీరే కదా రాసిన్రు?” అని ఆ మనిషి గట్టిగానే అడిగాడు.

బాలరాజు మిషన్ వైపు తిరిగాడు. గోటితో స్టిక్కర్ అంచు లేపాడు. అది సగమే ఊడి వచ్చింది.

“అయ్యో, బొట్టు పెట్టిన గదరా! ఎందుకు పీకుతున్నవ్?” అంటూ సాలమ్మ పీలిక చుట్టిన చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది.