డాక్టరుగారి బల్ల చప్పుడు

నేను ఒక టేకు బల్లను. రోగులను పడుకోబెట్టడానికి ధవళేశ్వరం వడ్రంగి నన్ను చేశాడు. ఒక కాలి బిగింపు మాత్రం వదులుగా వదిలేశాడు. ఆ లోపంతోనే నాకు పేరొచ్చింది.

నా యజమాని డాక్టర్ మృత్యుంజయరావుగారు. పేరు అంతటిది గాని, రెండు తుమ్ములొస్తే మఫ్లరు చుట్టుకునే మనిషి. మందుల్లేకుండా చేత్తోనే ఒళ్ళు సర్దే ఆస్టియోపతీ చదువుకొచ్చి రాజమండ్రిలో గది తెరిచారు. జనం ఎముకల డాక్టరన్నారు. ఆయన ధ్యాసంతా నెత్తురు మీద, ఒంట్లో పారే నీటి మీద. అవి అడ్డం లేకుండా నడిస్తే సగం బాగు ఒళ్ళే చేసుకుంటుందని ఆయన నమ్మకం. ఎముకను ముట్టుకున్నా ఆ దారి కోసమే.

మెత్తగా చేసే వైద్యం మనుషులకు ఆనదు. ఎముక చప్పుడు చెయ్యాలి. రోగి పక్కకు ఒత్తిగిలగానే నేను కిర్రుమనేదాన్ని. అది తమ ఎముకే అనుకుని, "అబ్బ! పట్టు వదిలిందండీ!" అంటూ హాయిగా లేచి వెళ్ళేవారు. డాక్టరుగారికి అది నామోషీగా ఉండేది. ఒకరోజు నా కాలికింద అట్టముక్క దూర్చారు. నేను మూగబోయాను. రోగులు సగమయ్యారు.

అప్పుడొచ్చింది ఆత్రేయపురం సూరమ్మ. రొమ్ములో గడ్డకు ఆపరేషను చేసి చంకలో బిళ్ళలు కట్టే గ్రంథులు కూడా తీసేశాక, ఆవిడ కుడిచెయ్యి దిమ్మలా వాచింది. పూతరేకులు తీసే చెయ్యి అది. వాపు పైకి పాకకూడదని, తేలు కుడితే కట్టినట్టు, జబ్బకు తాడు బిగించి కట్టుకొచ్చింది.

డాక్టరుగారు ముందు తాడు కోసేశారు. తరవాత మెడ కింద ఎముక దగ్గర వేళ్ళు ఆనించారు.

"చెయ్యి వాత్తే మెడ నొక్కుతారేటండీ? సప్పుడు కూడా రాలేదు."

"చేలో నీరు నిలిచిపోతే ముందేం చేస్తారమ్మా?"

"దిగువన మురుక్కాలవ బాగు సేత్తామండి."

"నీ చేతిలో నీటికి దిగువ ఇదే. ముందిది తెరుచుకోవాలి. చెయ్యి ఆ తరవాత."

"మళ్ళీ రేకు తీత్తానా అండీ?"

"మునుపటి చెయ్యి వస్తుందని చెప్పలేను. రేకు తీసేదాకా మాత్రం వదలను."

ఏడు నెలలు వచ్చిందావిడ. వాపు పూర్తిగా పోలేదు గాని మణికట్టు మడత మళ్ళీ కనబడింది. ఒకరోజు పూతరేకుల పొట్లం విప్పి నా మీద పెట్టింది. "అంచులు సిరిగినాయండి," అంది సిగ్గుగా. డాక్టరుగారు తింటూ తింటూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ నేతి మరక ఇంకా నా మీద ఉంది.

ఆయన పోయాక గది ఖాళీ చేస్తుంటే, సూరమ్మ నన్ను కావాలని అడిగి ఇంటికి తెచ్చుకుంది. బండిలో అట్టముక్క ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు నా మీద రేకులు పేరుస్తారు. పని బాగానే ఉంది గాని, ఆ మెత్తటి వేళ్ళు లేవని నాకు బెంగ.

రోజూ పొయ్యి వెలిగించే ముందు సూరమ్మ నా మీద కూర్చుంటుంది. నేను కిర్రుమంటాను.

"ఆఁ, గుర్తుందండి డాక్టరుగారూ," అంటుంది, వేళ్ళు మెడ కింద ఆనించుకుంటూ. "ముందు దిగువ."