గలిజేరు రసం సీసా

"నీ పేరు చూసే తాగిన బిడ్డా," అన్నాడు ఎలీషా దవాఖాన మంచం మీద నుంచి.

ఎలీషా విజయరాణికి చిన్నాయన. చేవెళ్లలో ఇరవయ్యేళ్లు తాపీ పని చేసి నడుము పాడుచేసుకున్నాడు. నొప్పి గోలీలు మింగీ మింగీ కిడ్నీల మీదికి తెచ్చుకున్నాడు. గోలీలు మానమని డాక్టర్ రెండు నెలల కిందే గట్టిగా చెప్పినా మానలేదు. ఎందుకు మానలేదో దిండు పక్కనున్న సీసా చెబుతోంది: "గలిజేరు రసం. గోలీలు ఎన్ని వేసుకున్నా కిడ్నీలకు ఢోకా లేదు. పరిశోధన: డాక్టర్ విజయరాణి, మొయినాబాద్."

పరిశోధన చేసిన మాట నిజమే. మొయినాబాద్ దగ్గర ఫార్మసీ కాలేజీలో మూడేళ్లు ఎలుకలకు నొప్పి మందు ఎక్కించి, గలిజేరు ఆకు సారం తాగించి, కిడ్నీలు కోసి చూసింది. సారం తాగిన ఎలుకలకు దెబ్బ కొంత తగ్గింది. పరిశోధన పత్రంలో ఆమె రాసింది అంతే.

సీసా పట్టుకుని నేరుగా చేవెళ్ల వెళ్లింది. ఆ సీసా అమ్మిన దుకాణం నడిపే ధనరాజ్ ఆమెను చూసి నవ్వుతూ లేచాడు.

"రండి మేడమ్! నెట్‌ల మీ ఫొటో చూసిన. మీ పేరు పెట్టినంక సరుకు ఆగుతలేదు."

"నన్ను అడిగి పెట్టినవా?"

"నెట్‌ల ఉన్నదే కద పెట్టిన."

"ఎలుకలని రాసిన! కనబడలేదా? ఎలుకలు!"

"జర మెల్లగ మేడమ్, గిరాకీ ఉన్నది. ఎలుకకు పనిచేసింది మనిషికి చెయ్యదా?"

ఆమె చెయ్యి లేచింది. కొట్టకుండా ఆపుకుని, కౌంటర్ దగ్గర నిలబడ్డ ముసలామె వైపు తిరిగింది.

"అవ్వా, ఈ సీసా మీదున్న విజయరాణిని నేనే. ఇది ఉన్నదన్న ధైర్యంతోటి గోలీలు మింగి మా చిన్నాయన మంచంల పడ్డడు. ముట్టకు."

"లొల్లి చేస్తే పోలీసులను పిలుస్త," అన్నాడు ధనరాజ్.

"పిలువు. వచ్చేదాక ఈడనే కూసుంట."

గుమ్మంలోనే కూర్చుంది. పోలీసులు వచ్చారు, ఆమె వాళ్లకు ఫిర్యాదు రాసిచ్చింది. మూడో రోజు మందుల తనిఖీ అధికారులు వచ్చి సీసాలన్నీ పట్టుకుపోయారు. దుకాణానికి తాళం పడింది.

ఆ కబురు చెప్తే ఎలీషా మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అయ్యో, ధనరాజ్ మంచోడే బిడ్డా. నీకు చిన్నాయననని చెప్తే మొదటి సీసా ఊరికెనే ఇచ్చిండు."

అంటే ఈయన తన చిన్నాయన అని వాడికి తెలుసు. తెలిసే ఇచ్చాడు. విజయరాణికి ఒళ్లంతా మండిపోయింది. అరవాలనుకుంది, ఎవరి మీదో తోచలేదు. అంతలో డయాలసిస్‌కు రమ్మని నర్సు పిలిచింది. ఆ కోపంతోనే చిన్నాయన రెక్క పట్టుకుని లేపింది.