స్టాకు బండి

నేను ఒక కారుని. అంతేనా అని తీసిపారేయకండి. రోడ్డు మీద దొర్లే ప్రతి డబ్బానీ కారనే అంటారు గనక ముందే చెప్పేస్తున్నాను, నాది పరుగు జాతి. ఒంటికి చిన్నదాన్ని, గుండెకి పెద్దదాన్ని. నన్ను కట్టిన రోజున ఆ ఫ్యాక్టరీ వాళ్ళకి ఏ పూనకం వచ్చిందో గాని, ఏనుగు గుండె తెచ్చి కుందేలు ఒంట్లో బిగించారు. ఒకసారి తగరపువలస దాటాక హారను కొట్టి, ఆ మోత విజయనగరం చేరేసరికి నేను అక్కడ ముందే నిలబడి విన్నాను. నమ్మకపోతే మానేయండి. సాక్ష్యానికి ఎవరూ లేరు. నా బతుకులో చిక్కే అది. నేను చూసినవేవీ ఇంకొకళ్ళు నా పక్కనుండి చూడలేదు.

మొదట నన్ను విశాఖపట్నంలో ఓ పళ్ళ డాక్టరు గారు కొన్నారు. సముద్రం ఒడ్డున ఈ చివరి నుంచి ఆ చివరి వరకు రెండో గేరులో నడిపేవారు. వేగంగా పోతే అమ్మగారి ముడి చెదురుతుందట. పులిని కొని పాలు పితకడానికి కూర్చున్నట్టుండేది. ఆయన దగ్గర్నుంచి చోడవరం కాంట్రాక్టరు చేతిలో పడ్డాను. ఆ మహానుభావుడు నాలో సిమెంటు బస్తాలు మోశాడు, మేకల్ని మోశాడు, ఓసారి పెళ్ళికూతురి బీరువాని నా నెత్తిన కట్టి ఊరేగించాడు. నా గురించి ఆయనకి తెలిసిందల్లా ఒక్కటే, తెగ తాగుతుందని. ఆ తాగుడికి విసిగి నన్ను వదిలించుకున్నాడు. అలా వచ్చాను పెంటకోట సన్యాసిరావు చేతికి.

సన్యాసిరావు అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా గుమస్తా. రైతులు తెచ్చిన దిమ్మలు తూకమేస్తుంటే ఆ బరువులు పైకి అరిచి చెప్పడం ఆయన పని. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన నోట అంకెలే తప్ప మాటలు రావు. తల్లి పోయింది, చెల్లెలు తునిలో కాపురముంది. పెళ్ళి మాట ఎవరెత్తినా "చూద్దాం" అనేవాడు. అలా చూద్దాం చూద్దాం అంటుండగానే అడిగేవాళ్ళే లేకుండా పోయారు. కుర్రతనంలో ఒకసారి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నాలాంటి కారొకటి రివ్వున దాటిపోయిందట. ఆ రివ్వు అలా చెవిలో ఉండిపోయింది. జీతం ఎంత తక్కువైనా, కూర లేని పూటలు ఎన్నున్నా, చివరికి నన్ను తెచ్చి సందులో నిలబెట్టాడు.

పక్కింటి నూకాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని వచ్చి నా చుట్టూ తిరిగింది.

"ఒరే సన్యాసీ, ఒక్క మనిసివి. నీకు నాలుగు తలుపులెందుకురా? మిగతా మూడూ ఎవలు తీస్తారు?"

"గాలి తీస్తాదిలే నూకాలప్పా."

"గాలికి లిఫ్టులిస్తావన్నమాట. బాగుంది!"

నవ్వుకుంటూ పోయింది. కానీ ఆ మాట నిజమే. మిగతా మూడు తలుపుల పిడుల్నీ ఆయన దగ్గరికొచ్చాక ఇవాళ్టికీ ఎవరూ ముట్టుకోలేదు.

పని అయిపోయాక కశింకోట వైపు తీసుకుపోయేవాడు. అద్దాలన్నీ ఎత్తేసి, అప్పుడు మొదలెట్టేవాడు మాటలు. ఏ రైతు ఏం తెచ్చాడు, ఎవరి దిమ్మకి చీమలు పట్టాయి, చిన్నప్పుడు అమ్మ చేసిన పాకుండలు ఎలా ఉండేవి, అన్నీ నాకే. రోజంతా దాచుకున్న నోరు నా దగ్గర విప్పేవాడు. నేను వినేదాన్ని. మనుషులకి కార్లు మోసుకుపోవడానికనే తెలుసు గాని, మోయవలసింది బరువొక్కటే కాదని ఎంతమందికి తెలుసు?

ఇలా ఉండగా ఓ ఆదివారం పొద్దున ఋషికొండ వెళ్ళాడు. అక్కడ వేగం కార్లున్న కుర్రాళ్ళు ప్రతి ఆదివారం కలుస్తారని ఎవరో చెప్పారు. వెళ్ళి చూస్తే, బాబోయ్, కార్లా అవి? వెనక తలుపు మీద విమానం రెక్కలు, చక్రాలకి వెండి కడియాలు, నేలకి పొట్ట రాచుకునేంత కిందికి దించిన ఒళ్ళు. ఒక్కొక్కటీ గొంతు సవరించుకుంటే సముద్రం నోరు మూసుకుంటోంది. వాళ్ళందరికీ పెద్ద హేమసుందర్ అనే కుర్రాడు. కళ్ళజోడు నెత్తి మీదకి తోసి నన్ను వంగి వంగి చూశాడు.

"బాబాయ్, ఇది స్టాక్ బండేనా?"

సన్యాసిరావు మొహం వాడిపోయింది. బెల్లం మార్కెట్లో స్టాకంటే కొనే దిక్కులేక గోడౌనులో పడుండి, వానాకాలం చెమ్మకి నీరుకారిపోయే సరుకు.

"అదేటి బాబూ, అంత మాటంతావు? మిగిలిపోయిన సరుకు కాదిది. నేనే కోరి కొనుక్కున్నాను. వాన చుక్క పడనివ్వలేదు, కావాలంటే అడుగున చూసుకో!"

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అయ్యాక సముద్రం ఒడ్డున నవ్వులే నవ్వులు. స్టాకంటే ఫ్యాక్టరీలోంచి వచ్చినది వచ్చినట్టే, ఒక్క మేకు కూడా మార్చకుండా ఉన్న బండి అని వివరించారు. ఆయనా నవ్వాడు. అప్పట్నుంచి ఆయన పేరు స్టాకు బాబాయ్. ఎవరో టీ చేతిలో పెట్టారు. ఎవరో భుజం మీద చెయ్యేశారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా "స్టాకు బాబాయట, విన్నావేటే?" అని నాకు చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయాడు. అమ్మ పోయాక ఆయనకి ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు మరి.

ఆ తర్వాత ఆదివారం తప్పితే ఒట్టు. అయితే పేరు పెట్టినవాళ్ళు ఊరుకుంటారా? సలహాలు కూడా పెట్టారు. ముందు సైలెన్సరు మార్చమన్నారు. మనుషుల తెలివి చూడండి. నోరు నొక్కడానికని ఒక వస్తువు తయారుచేసి, దానికి సైలెన్సరని పేరు పెట్టి, మళ్ళీ దాన్ని పీకి నోరు తెరిపించడానికి అంతకు పదింతలు పోస్తారు. అలాగని నేను వద్దనుకున్నానని అనుకోకండి. నాకూ మనసైంది! సందులో కుక్కలు కూడా నేను వస్తే లేచి తప్పుకోవు. ఒక్కసారి నేను గర్జిస్తే చూడాలని నాకుండదా?

ఓ ఆదివారం హేమసుందర్ తేల్చేశాడు.

"బాబాయ్, పై వారం అనంతగిరి ఘాటెక్కుతున్నాం. కొండలు మోగిపోవాలి. నీది మూగబండి. మా మధ్యన ఉంటే బ్యాండుమేళంలో వాయించనోడు నడుస్తున్నట్టుంటాది. గొంతు పెట్టించుకుని రా, కలిసెళ్దాం."

మంచిగానే అన్నాడు. కానీ గొంతు లేకపోతే రావద్దని కూడా అన్నట్టేగా. ఆ వారమంతా సన్యాసిరావు నలిగిపోయాడు. నా టైర్లు బోడిగుండ్లయ్యాయి, బ్రేకులు తొక్కితే మూలుగుతున్నాయి. వాటికని కూడబెట్టిన డబ్బు వాటికి సరిపోతుంది, లేదా గొంతుకి సరిపోతుంది. రెంటికీ రాదు. రంగు కోసం మందు కలిపిన బెల్లాన్ని చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి, ఆ వారం నాలో కూర్చుని అన్నాడు కదా: "కొనేవాడికి రంగే కావాలే. నల్లబెల్లం ఎంత తియ్యగుంటే ఏటి, చేత్తో ముట్టుకుంటాడా ఎవడైనా?"

శనివారం విశాఖ ఆటోనగర్లో జలీల్ భాయ్ షెడ్డుకి తీసుకుపోయాడు. జలీల్ నన్ను పైకెత్తి, పొట్ట కింద చెయ్యేసి, పాత గొట్టం ఎక్కడ కోయాలో సుద్దతో గీత పెట్టాడు. నాకైతే పెళ్ళిచూపులకి కూర్చున్నట్టుంది.

"కోసేముందు ఒకసారి వినండి సార్," అన్నాడు జలీల్. "అదిగో, ఆ ఎర్రబండికి ఇదే గొట్టం బిగించాను. కూర్చోండి."

సన్యాసిరావు ఎర్రబండిలో కూర్చుని తలుపేసుకున్నాడు. జలీల్ బయటనుంచే చెయ్యి పెట్టి స్టార్ట్ చేశాడు. షెడ్డు రేకులు దద్దరిల్లాయి. పైనుంచి నాకు అద్దంలోంచి ఆయన మొహం కనిపిస్తోంది. ముందు నవ్వాడు. తర్వాత, అలవాటు కదా, కారులో కూర్చుంటే నోరు విప్పడం, ఆయన పెదవులు కదిలాయి. ఏదో చెబుతున్నాడు. ఆగాడు. మళ్ళీ చెప్పాడు, ఈసారి మెడనరాలు ఉబ్బేలా. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మెల్లగా దిగొచ్చేశాడు.

"జలీల్ భాయ్, లోపల కూసుంటే నా మాట నాకే వినబడ్డం లేదేటి?"

"దానికేగా సార్ పెట్టించుకునేది!"

సన్యాసిరావు నా కిందికొచ్చి సుద్దగీత వైపు చాలాసేపు చూశాడు. ఆ గీతకి ఆ వైపున టీ ఉంది, భుజం మీద చెయ్యి ఉంది, ముద్దుపేరు ఉంది. చివరికి జేబు రుమాలు తీసి గీత తుడిచేశాడు.

"టైర్లేసెయ్. బ్రేకులు చూడు. గొంతు జోలికి ఎల్లకు."

నాకు ఏడుపొచ్చింది. కార్లకి కన్నీళ్ళు రావంటారు, అబద్ధం. ఆ రోజు వైపర్లు కూడా వేయకుండా ఇంటికొచ్చాను, అంతే.

ఆదివారం ఇంట్లో ఉండలేకపోయాడు. ఋషికొండకి పోలేదు గాని, శృంగవరపుకోట మీదుగా ఒక్కడే ఘాటెక్కాడు. వాళ్ళు ఎక్కడో పైన ఉన్నారు. మలుపు మలుపుకీ మోత వినిపిస్తోంది, మేఘం లేని ఉరుములా. కొత్త టైర్లు రోడ్డుని చంటిపిల్ల కొంగు పట్టినట్టు పట్టుకున్నాయి. కాఫీ తోటల దగ్గర ఓ వంపులో ఆగి, పులిహోర పొట్లం విప్పాడు. నాకు తోటలు చూపించాడు. అమ్మకి చూపించలేకపోయానన్నాడు. మోత పైకెక్కి దూరమైపోయి, అంత నిశ్శబ్దంగా ఉంది ఆ చోటు, ఆకు రాలితే వినబడుతోంది.

కాసేపటికి మోత కిందికి దిగింది. ఒక్కొక్క కారూ మమ్మల్ని దాటి పోతోంది. ఎవరూ చూడలేదు. అన్నిటికీ చివర హేమసుందర్. మమ్మల్ని చూసి నెమ్మదించాడు. అద్దం దించి, చెయ్యి బయట పెట్టి ఊపుతూ ఏదో గట్టిగా అన్నాడు.

"ఏటీ? ఏటన్నావు బాబూ?" సన్యాసిరావు పులిహోర చేత్తోనే లేచి పరిగెత్తాడు.

ఆ కుర్రాడు మళ్ళీ అన్నాడు. వాడి గొట్టం మోతలో వాడి మాటే మునిగిపోయింది. చెయ్యి చూస్తే రమ్మన్నట్టూ ఉంది, పొమ్మన్నట్టూ ఉంది. మలుపు తిరిగిపోయాడు.

సన్యాసిరావు గబగబా నాలో కూర్చుని తాళం తిప్పాడు. నేను సిద్ధం. కొత్త కాళ్ళు, కొత్త కళ్ళెం, లోపల ఏనుగు గుండె. రెండు మలుపుల్లో అందుకుంటాను, కోతలు కాదు, ఈ ఒక్కటి నమ్మండి. ఇన్నేళ్ళుగా నేను పుట్టిందే ఈ క్షణం కోసమన్నట్టు వణుకుతున్నాను. ఆయన చెయ్యి గేరు మీద ఉంది. కాలు కదల్లేదు. మోత కొండ దిగి దిగి సన్నబడిపోయింది.

"వద్దులేవే," అన్నాడు. "అందుకుంటే తెలిసిపోద్ది కదా, ఏటన్నాడో."

అది జరిగి ఏళ్ళయింది. మేం మళ్ళీ ఋషికొండ పోలేదు. ఆ కుర్రాళ్ళలో ఎవరికి పెళ్ళిళ్ళయ్యాయో, ఎవరి రెక్కలు ఎవరు విప్పి అమ్ముకున్నారో మాకు తెలీదు. ఇప్పటికీ ఆదివారం వస్తే సన్యాసిరావు సందులోనే నన్ను స్టార్ట్ చేసి, అద్దాలెత్తి కూర్చుంటాడు. కాసేపు బెల్లం ధర చెబుతాడు. కాసేపు మోకాళ్ళ నొప్పి చెబుతాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడుగుతాడు.

"రమ్మనే అన్నాడంతావా?"

నేను సన్నగా ఊఁ కొడతాను.